ముందే లెక్కపెట్టాల్సిన పూసలు

ఐదో రేకు సగం దాటాక తెలిసింది, లూప్‌లోకి మూడు పూసలు వదలాల్సిన చోట రెండే వదిలానని.

టాటింగ్ తెలిసినవాళ్లకు ఈ ఒక్క ముక్కతో నా పరిస్థితి అర్థమైపోతుంది. తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. పడవ ఆకారంలో, అరచేతిలో ఇమిడిపోయే షటిల్‌కి దారం చుట్టుకుని, ఆ దారంతో ముడి పక్కన ముడి వేసుకుంటూ లేసు అల్లడమే టాటింగ్. ఎడమచేతి వేళ్ల చుట్టూ దారాన్ని ఒక చుట్టు తిప్పి, ఆ చుట్టు కలిసే చోటును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టుకుంటాం. అదే లూప్. కుడిచేతిలో ఉన్న షటిల్‌ని ఆ లూప్ కిందనుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి పోనిస్తాం. రెండు సగాలూ కలిస్తే ఒక ముడి, డబుల్ స్టిచ్. కావలసినన్ని ముడులు పడ్డాక షటిల్ దారాన్ని లాగితే లూప్ మూసుకుని రింగ్ అవుతుంది. పువ్వులో రేకు అంటే ఆ రింగే. ముడికీ ముడికీ మధ్య కావాలని కాస్త దారం వదిలితే అది చిన్న చెవిలా పైకి లేస్తుంది, దాన్ని పికో అంటారు. మొత్తం టాటింగ్ ఇంతే. క్రోషేని కొస పట్టుకుని లాగితే సర్రున ఊడొచ్చేస్తుంది. టాటింగ్ అలా ఊడదు, అంతా ముడులే కాబట్టి.

మరి పూసలు? అవి ముందే రావాలి. ఎన్ని కావాలో లెక్కపెట్టి, దారానికి గుచ్చి, ఆ దారంతోపాటే షటిల్ మీద చుట్టేసుకోవాలి. ఒక్కో రేకు మొదలుపెట్టేముందు దానికి కావలసిన పూసల్ని లూప్‌లోకి జరుపుకోవాలి. మొదటి ముడి పడిందంటే ఇక అంతే. షటిల్ వైపు ఉండిపోయిన పూస లూప్‌లోకి రాలేదు, దారిలో ముడులన్నీ అడ్డంగా కూర్చుంటాయి.

ఆ రాత్రి నేను అల్లుతున్నది ఆరు రేకుల పువ్వు. ఒక్కో రేకుకు కొసన మూడు పూసలు, పక్క రేకుతో కలపడానికి అటొకటి ఇటొకటి ఉత్త పికోలు. లెక్క ఇలా: ఐదు ముడులు, పక్క పికో, నాలుగు ముడులు, పూస, మూడు ముడులు, పూస, మూడు ముడులు, పూస, నాలుగు ముడులు, పక్క పికో, ఐదు ముడులు. రేకుకు మూడు చొప్పున 18 పూసలు. గుచ్చింది సరిగ్గానే గుచ్చాను. ఐదో రేకుకు పూసలు జరుపుకునేటప్పుడు మాత్రం భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని కబుర్లు చెబుతున్నాను. ఇటాలియన్‌లో ఈ పనికి ‘కియాకియెరీనో’ అని పేరు. కబుర్లు చెప్పుకోవడం అనే మాటలోంచి పుట్టింది. పేరు పెట్టినవాళ్లు పూసలు లేని టాటింగ్ చేస్తూ ఉండుంటారు.

అప్పటికి ఆ రేకులో 15 ముడులు పడిపోయాయి. విప్పాలంటే 30 సగాలు, సూది మొనతో ఒక్కోటీ వదులు చేసుకుంటూ వెనక్కి రావాలి. రింగ్ ఇంకా మూసుకోలేదు కాబట్టి విప్పడం సాధ్యమే. మూసుకున్న రింగయితే ఎక్కడో ఒక పికో దగ్గర సందు చూసి, లోపలి దారాన్ని కొద్దికొద్దిగా బయటికి లాగాలి, దానికి కంటిచూపు కన్నా సహనం ఎక్కువ కావాలి. కానీ అది 40 నంబరు సన్నదారం, టైము పదకొండు దాటింది, ఆ పువ్వును మర్నాడు పొద్దున్నే వదిన చేతిలో పెడతానని చెప్పి ఉన్నాను. ఏం చేశానో తర్వాత చెబుతాను. అసలు ఆ పువ్వు మొదలైందే వదినతో వాదన మీద.

వదినది కుట్టుపని. సూది పట్టుకుంటే ఆమెకు సాటి నేను చూడలేదు. నేను పళ్లెంలో పూసలు పోసుకుని, లెక్కతప్పి, మళ్లీ మొదటినుంచి గుచ్చుకుంటుంటే చూసి ఒకటే మాట అంది. “ఎందుకే ఈ టెన్షన్? ముందు పువ్వు అల్లేసుకో. తర్వాత సన్నసూదితో కావలసినచోట పూస పెట్టి కుట్టెయ్. ఎవరు చూడొచ్చారు?”

న్యాయమైన ప్రశ్నే. చాలామంది చేసేదీ అదే. కొందరయితే కుట్టు కూడా లేకుండా జిగురుతో అంటించేస్తారు. జిగురు సంగతి వదిలేస్తున్నాను, ఆరాక దారం కర్రలా బిగుసుకుపోయిన పువ్వును పట్టుకుని చూసినవాళ్లకు నేను చెప్పాల్సిందేమీ లేదు. కానీ కుట్టడం అలా తీసిపారేసేది కాదు. కుట్టుకు జవాబు చెప్పాలి.

నా జవాబు: టాటింగ్‌లో పూస నగ కాదు, కొలత. పువ్వు అయిపోయాక తగిలించేది కాదు, పువ్వు ఆకారాన్ని ఒక చెయ్యి వేసి నిర్ణయించేది.

మామూలు పికో వేసేటప్పుడు ఎంత దారం వదలాలన్నది చేతి అలవాటు మీద ఆధారపడుతుంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అవుతుంది. అందుకే అట్టముక్కను సన్నగా కత్తిరించి, ముడుల మధ్య పెట్టి కొలుచుకుంటూ అల్లేవాళ్లున్నారు. పూస ఉన్న పికోకి ఆ అట్టముక్క అక్కర్లేదు. ముడి వేశాక పూసను లూప్ దారం మీదుగా జరిపి ముడికి ఆనిస్తాం, వెంటనే తర్వాతి ముడి వేసి దాన్ని పూసకు ఆనిస్తాం. రెండు ముడుల మధ్య పూస ఎంత ఉందో అంతే దారం. అంటే కొలిచే పని పూసదే. పూసలన్నీ ఒకే సైజయితే పికోలన్నీ ఒకే సైజు. గుచ్చేటప్పుడు మరీ బక్కవీ, మరీ లావువీ, ఓరగా తెగినవీ పక్కన పడేయమనేది ఇందుకే. నేను మొదట్లో అది చాదస్తం అనుకునేదాన్ని. ఒక రేకు మిగతా ఐదింటి కన్నా కాస్త ఉబ్బి కనిపించి, ముడులు రెండుసార్లు లెక్కపెట్టి, తేడా దొరక్క, చివరికి చూస్తే ఆ రేకులో ఒక పూస లావుగా ఉంది.

తర్వాత కుట్టిన పూస ఈ పని చేయలేదు. అది వచ్చేసరికి పికో కొలత ఎప్పుడో తేలిపోయింది. వచ్చిన పూస ఆ పికోలో సరిపడాలి. పికో పెద్దదయితే పూస దానిలో వేలాడుతుంది, చిన్నదయితే పైకెక్కి కూర్చుంటుంది. పైగా గుచ్చి అల్లిన పూసలోంచి వెళ్లేది పికో దారమే, అందుకని పూస రంధ్రం రేకు అంచు వెంబడి సాగి, పూస నిటారుగా, పక్కవాటితో వరసలో నిలబడుతుంది. కుట్టినప్పుడు పూసలోంచి వెళ్లేది వేరే దారం. అది పూసను పికోకి కట్టి ఉంచుతుందే తప్ప పికోలో భాగం చేయదు. బాగా కుడితే మొదటిరోజు తేడా తెలియదు, ఒప్పుకుంటాను. నాలుగుసార్లు చేతులు మారాక చూడండి, ఒకటి ఎడమకూ ఇంకొకటి కుడికీ తిరిగి ఉంటాయి.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. పూస చోటు అడుగుతుంది. నా మొదటి పూసల పువ్వులో పూసకీ పూసకీ మధ్య రెండేసి ముడులే పెట్టాను, దగ్గరదగ్గరగా ఉంటే మెరుపు బాగుంటుందని. లూప్‌గా ఉన్నంతసేపూ బాగానే ఉంది. షటిల్ దారం లాగి రింగ్ మూసేసరికి రేకు కొస పైకి లేచింది. మళ్లీ లాగాను, ఇంకా లేచింది. రింగ్ మూసినప్పుడు లోపలి దారం బిగిసి ముడులన్నీ దగ్గరికి జరుగుతాయి, బయటి అంచున ఉన్న పూసలేమో అంగుళం కూడా తగ్గనంటాయి. గాజు కదా, నలగదు. చోటు చాలక ఒకదాన్నొకటి నెట్టుకుని, రేకును దోసిలిలా వంచేస్తాయి. తడిపి, గుండుసూదులతో పరిచి ఆరబెట్టినా ఆ వంపు పూర్తిగా పోలేదు. మూడేసి ముడులు పెడితే అదే దారం, అవే పూసలు, రేకు చక్కగా పరుచుకుంది. అంటే పూసలు ఉంటాయో లేదో మొదటి ముడికి ముందే తెలిసుండాలి. పూసలు లేని పువ్వు లెక్క వేరు, పూసలున్న పువ్వు లెక్క వేరు. దాని మీద దీన్ని కుట్టడమంటే ఒకరి కొలతలకు కుట్టిన జాకెట్టు ఇంకొకరికి తొడగడమే.

ఈ వంపు ఎప్పుడూ తప్పనుకోకండి. పువ్వు బల్లపరుపుగా కాకుండా గిన్నెలా విచ్చుకుని ఉండాలనుకుంటే కావాలనే ముడులు తగ్గించి, పూసల చేత ఆ పని చేయించుకోవచ్చు. నేను రెండు వరసల పూలు అలాగే అల్లుతున్నాను, కింద వరస పరుచుకుని, పై వరస లేచి ఉండేలా. కుట్టుపూసతో ఇది ఎలా వస్తుందో నాకు ఊహకందదు.

ఆ మాటకొస్తే ఈ అల్లిక చరిత్రలోనూ ఇదే మలుపు ఉంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో టాటింగ్ అంటే రింగుల్ని విడివిడిగా అల్లి, ఆ తర్వాత సూదీదారంతో ఒకదానికొకటి కుట్టి కలపడమే. ఆ శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఇంగ్లండులో ఎలెనోర్ రియేగో ద లా బ్రాన్షార్డియేర్ లాంటివాళ్ల నమూనా పుస్తకాలు వచ్చాయి, అల్లుతూ అల్లుతూనే పక్క రింగు పికోలోంచి దారం లాగి కలిపేసే పద్ధతి మెల్లగా అలవాటయింది. కుట్టడం పోయి కలపడం వచ్చింది. ఇవాళ రేకుల్ని విడిగా అల్లి కుడదామని ఎవరితోనైనా అంటే నవ్వుతారు. పూసల దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే పాత పద్ధతి మనకు సులువుగా తోస్తుంది.

పూసలే వద్దనేవాళ్లు మరో పక్క. లేసు అందం ఖాళీల్లో ఉందనీ, పూసలు పెడితే కన్ను వాటి మీదికే పోయి ముడి కనిపించదనీ అంటారు. ఇదేదో ఇప్పటివాళ్ల తళుకుబెళుకుల సరదా అని కూడా అంటారు. చివరిమాట నిజం కాదు. కార్మెన్ సిల్వా పేరుతో కవిత్వం రాసిన రుమేనియా రాణి ఎలిసబెత్ టాటింగ్‌లో చెయ్యి తిరిగినావిడ, ముత్యాలూ రాళ్లూ కలిపి అల్లేది. నూరేళ్ల పైమాట. కానీ మొదటిమాటలో సగం నిజముంది. రేకంతా పూసలతో నింపేస్తే అది టాటింగే కానక్కర్లేదు, ఏ పద్ధతిలో చేసినా అలాగే ఉంటుంది. నా లెక్కలో రేకుకు మూడు దాటితే ఎక్కువ. పూసలు తప్పుల్ని కప్పేస్తాయన్న ఆశతో ఎక్కువ పెట్టేవాళ్లకు ఒకటే చెబుతాను, కప్పవు. ముడులు ఐదూ ఆరుగా పడితే ఉత్త లేసులో కనిపించకపోవచ్చు. పూస ఉంటే దాని స్థానం జరిగిపోయి, అటువైపు రేకులోని పూసతో సరిచూసుకున్న కన్ను వెంటనే పట్టేస్తుంది.

పూసలూ దారాల నంబర్లు మొదట తికమక పెడతాయి, రెండూ తలకిందులే. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది: 20 కన్నా 40 సన్నం, 40 కన్నా 80 సన్నం. సీడ్ పూసలూ అంతే. 8 నంబరు పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11 నంబరుది దాదాపు 2, 15 నంబరుది ఒకటిన్నర. 11 నంబరు పూసకు 40 దారం నా చేతికి బాగా కుదిరింది. 80 దారంతో అదే పూస పెడితే పూస బరువుకు రేకు కొస వాలుతుంది. 15 నంబరు పూసలోకి 20 దారం ఎక్కించబోతే పూస కాదు, ఓపిక పగులుతుంది. మియుకీ, తోహో లాంటి జపాన్ పూసలు సైజులో దాదాపు ఒకేలా ఉంటాయి, రంధ్రం కూడా పెద్దది. చెక్ దేశపు పూసల్లో ఏరుకునే పని ఎక్కువ. వెండిపూత లోపల ఉన్న పూసలు భలే మెరుస్తాయి కానీ కాలం గడిచేకొద్దీ నల్లబడొచ్చు. రంగు పూసినవాటిని అల్లకముందే ఒక రాత్రి తడి తెల్లగుడ్డలో చుట్టి ఉంచి చూడండి. తెల్లదారం మీద గులాబీ మరక పడ్డాక ఏడ్చి లాభం లేదు.

గుచ్చడానికి సూది కూడా అక్కర్లేదు. దారం కొసకు గోళ్లరంగు రాసి, ఆరాక ఏటవాలుగా కత్తిరిస్తే అదే సూదిలా గట్టిపడుతుంది. షటిల్ మీద చుట్టేటప్పుడు పూసలన్నీ ఒకేచోట పోగుపడనివ్వకండి, కొంత దారం, రెండు మూడు పూసలు, మళ్లీ కొంత దారం, అలా. లేకపోతే షటిల్ పొట్ట ఉబ్బి, కొసలు తెరుచుకుని, దారం తనంతట తనే విడిపోతూ ఉంటుంది. ఇంకో తేడా గుర్తుపెట్టుకోవాలి. రింగుల్లో పూసలు షటిల్ దారం మీదినుంచే లూప్‌లోకి వస్తాయి. రింగుకీ రింగుకీ మధ్య విల్లులా వంగే చైన్ అల్లితే ముడులు పడేది షటిల్‌ది కాక, దారపు ఉండ నుంచి వచ్చే రెండో దారం మీద, కాబట్టి ఆ పూసలు ఉండ దారానికి గుచ్చి ఉండాలి. నమూనా చదివి, ఏ పూస ఏ దారానిదో ముందే విడదీసుకోకపోతే సగంలో తెల్లమొహం వేయాల్సిందే.

ముందే గుచ్చలేని చోటూ ఒకటుంది, రేకూ రేకూ కలిసే చోటు. అక్కడ పూస కావాలంటే సన్నటి క్రోషే కొక్కేనికి పూస తొడిగి, పక్క రేకు పికోను ఆ పూసలోంచి పైకి లాగి, ఆ పికోలోంచి అల్లే దారాన్ని పోనివ్వాలి. ఇది తర్వాత తగిలించినట్టు కనిపిస్తుంది కానీ కాదు, పూస మెడలో రెండు రేకులూ చిక్కుకుని ఉంటాయి. పువ్వు నడిమధ్య పెద్ద పూసయితే నేనూ కుట్టేస్తాను. పొడవాటి పికోను పూసలోంచి లాగి ఎదుటివైపు కలిపే ఉపాయం ఉంది, చేశాను, నాలుగు పూలకు ఒకటి కుదిరింది. మూడు పాడుచేసుకుని సిద్ధాంతం నిలబెట్టుకునేంత పట్టుదల నాకు లేదు.

ఇక ఐదో రేకు. విప్పలేదు. మూడో పూస ఉండాల్సిన చోట పూసంత కొలతతో ఉత్త పికో వదిలి, రేకు మూసేశాను. ఆరో రేకు కూడా అయ్యింది, పువ్వు పూర్తయింది, షటిల్ మీద ఒక పూస మిగిలింది. దారం కత్తిరించి, ఆ పూసను గోటితో జరిపి అరచేతిలో వేసుకున్నాను. ఎక్కువయితే ఏ బాధా లేదు, ఒక పూస మిగులుతుంది. లూప్‌లో ఎక్కువ పూస పడిపోయినా దాని రంధ్రంలోకి సూది దూర్చి, దారాన్ని కాపాడుకుంటూ పట్టకారుతో పగలగొట్టేయొచ్చు (కళ్లజోడు పెట్టుకోండి, ముక్కలు ఎటు ఎగురుతాయో తెలియదు). తక్కువయితేనే దారి లేదు. ఉన్న ఒక్క దారీ వదిన చెప్పిందే. అందుకని ఆ రాత్రి ఆ పూసను సన్నసూదితో, అదే రంగు దారంతో, ఆ ఉత్త పికోలో పెట్టి కుట్టాను. కొసలు వెనకవైపు ముడుల్లో దాచేశాను. లైటు కింద పెట్టి, దూరంగా పెట్టి, ఓరగా పెట్టి చూశాను. 18 పూసలూ వరసలో ఉన్నాయి.

పొద్దున్నే ఇచ్చాను. వదిన ముందువైపు చూడనే లేదు. పువ్వు తిరగేసి, కళ్లు ఇటు నా మీదే ఉంచి, చూపుడువేలితో రేకుల వెనక ఒక్కోటీ తడుముకుంటూ వెళ్లింది. ఐదో దాని దగ్గర వేలు ఆగింది.

“కొస ఇక్కడే దాచావు,” అంది. “నేనయినా అక్కడే దాస్తాను.”